సింఫనీకి ఎన్ని గ్రాముల రొట్టె?

1942లో లెనిన్‌గ్రాడ్‌లో, అంటే రష్యాలో ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఒక ఓబో బాగుచేయడానికి అడిగిన మజూరీ: ఒక పిల్లి.

ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. రెండు పల్చటి రెల్లు రేకుల మధ్య నుంచి గాలి ఊదితే పలికే వాయిద్యం. చలికాలమంతా ముట్టుకోకపోవడంతో పాడైపోయిన ఓబోను పట్టుకుని క్సేనియా మటుస్ అనే కళాకారిణి బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళింది. ఎంతివ్వాలని అడిగితే అతను డబ్బు మాట ఎత్తలేదు. ఒక పిల్లిని తెచ్చిపెట్టమన్నాడు. అప్పటికే ఐదు పిల్లుల్ని తిన్నాడట. జర్మన్ సైన్యం ముట్టడి మొదలైన ఆర్నెల్లకు ఆ ఊళ్ళో పిల్లి కనబడటమే గగనం.

ఈ సంగతి ఆవిడే తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. ఆ ఓబో ఏ కచేరీ కోసమో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రతి ఆగస్టులోనూ ఎవరో ఒకరు నాకు ఆ కథ పంపిస్తారు. చుట్టూ జర్మన్ సైన్యం, లోపల ఆకలిచావులు, మధ్యలో 1942 ఆగస్టు 9న ఒక హాల్లో రష్యన్ స్వరకర్త షాస్టకోవిచ్ ఏడో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచన. కింద ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఆకలిని సంగీతం జయించిన రోజు. ఒక దణ్ణం బొమ్మ, రెండు కన్నీటి బొమ్మలు.

కచేరీ నిజం. కన్నీళ్ళు కూడా న్యాయమే. నా తగాదా ఆ వాక్యంతోనే. ఆకలిని సంగీతం జయించలేదు. ఆకలిని రొట్టె జయించింది, అదీ కొంతవరకే. ఆ తర్వాతే సంగీతం వచ్చింది. ఈ వరస తారుమారు చేసి చెప్పడం వల్ల ఎవరికి మేలు జరుగుతోందా అని చాలాకాలంగా నాలో నేను గొణుక్కుంటున్నాను. ఈసారి రాసేద్దామనిపించింది.

నాకీ గొణుగుడు అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడది విజయనగరం పక్క పల్లె. వాళ్ళ నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు. పట్నం జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి వచ్చేయడం కళ్ళారా చూసింది. యుద్ధం సంగతులు అడిగితే ఆవిడ బాంబుల గురించి పెద్దగా చెప్పేది కాదు. "ఆ రెండేళ్ళూ మా నాన్న పెట్టి తియ్యనేదురా" అనేది. పెట్టి అంటే హార్మోనియం పెట్టి. భయపడా అని అడిగాను నేను, సినిమాలు చూసిన తెలివితో. "భయమేటి? కిర్సనాయిలు దొరికితే కదా లైటు ఎలిగేది, లైటు ఎలిగితే కదా నాటకం!" అంది.

అంతే సంగతి. ఆ ఏడాది మార్చిలో రంగూన్ పడిపోయింది. బర్మా నుంచి బియ్యమూ రాలేదు, చమురూ రాలేదు. పెట్రోమాక్స్ లైటు వెలగకపోతే హరిశ్చంద్రుడు కాటికాపరి అయ్యేదెలా? ఎంత గొప్ప పద్యమైనా చీకట్లో ఎవడు చూస్తాడు? నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా యుద్ధకాలపు సాంస్కృతిక జీవితం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు కనబడలేదు.

ఇక లెనిన్‌గ్రాడ్‌కి పోదాం.

1941 సెప్టెంబరు 8న నేలదారి మూసుకుపోయింది. పూర్తిగా తెరుచుకున్నది 1944 జనవరి 27న. 872 రోజులు. అందులో అతి ఘోరమైనది మొదటి చలికాలం. నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా కార్మికులకి రోజుకి 250 గ్రాముల రొట్టె, ఆఫీసు ఉద్యోగులకి, పిల్లలకి, ఇంట్లో వాళ్ళమీద ఆధారపడ్డవాళ్ళకి 125 గ్రాములు. 125 గ్రాములంటే మూడు చిన్న ఇడ్లీల బరువు. అదీ గోధుమ రొట్టె అనుకోకండి, పిండిలో చెక్క నుంచి తీసిన సెల్యులోజు కూడా కలిపేవారు. దాంతో మైనస్ ముప్పై చలిలో, పొయ్యిలోకి కట్టెలు లేకుండా, రోజంతా గడపాలి. వాయిద్యకారుడు ఈ లెక్కలో కార్మికుడు కాడు. ఏ రేషను చీటీ మీద ఏ తరగతి ముద్ర ఉందన్నదాన్ని బట్టే ఎవరు ఫిబ్రవరి దాకా బతుకుతారో చాలావరకు తేలిపోయింది.

ఆ ఊళ్ళో పెద్ద పేరున్న ఆర్కెస్ట్రా ఫిల్‌హార్మోనిక్. దానిని, దాని కండక్టర్ (ముందు నిలబడి పుల్ల ఊపుతూ అందరినీ నడిపించేవాడు) మ్రావిన్‌స్కీతో సహా, ముందే సైబీరియాలో నోవోసిబిర్స్క్‌కి తరలించారు. మిగిలింది రేడియో ఆర్కెస్ట్రా, అంటే రెండో వరస. దాని కండక్టర్ కార్ల్ ఎలియాస్‌బర్గ్. డిసెంబరు మధ్యకి వచ్చేసరికి ఆ ఆర్కెస్ట్రా కూడా ఆగిపోయింది. ఎవరో వద్దనడం వల్ల కాదు, మనుషులు చచ్చిపోతూ ఉండటం వల్ల. వాయించడానికి మనుషులు లేని గంటల్లో రేడియోలో మెట్రోనోమ్, అంటే తాళం కొట్టే యంత్రం, చప్పుడు వేసేవారు. టక్, టక్, టక్. నెమ్మదిగా కొడితే ఫరవాలేదని, వేగంగా కొడితే విమానాలు వస్తున్నాయని అర్థం. ప్రతి ఇంట్లోనూ గోడకి తగిలించిన నల్లటి కాగితపు పళ్ళెంలాంటి స్పీకరులోంచి ఆ చప్పుడు వచ్చేది. అది వినబడుతున్నంతసేపూ ఊరు బతికే ఉందని జనం అనుకునేవారట. ఆ చలికాలంలో ఆ ఊరి సంగీతం అదే.

షాస్టకోవిచ్ సింఫనీ మొదటి మూడు భాగాలు లెనిన్‌గ్రాడ్‌లోనే రాశాడు. అక్టోబరు 1న అతన్ని విమానంలో బయటికి తీసుకుపోయారు. నాలుగో భాగం కూయ్‌బిషెవ్‌లో (ఇప్పటి సమారా), వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, డిసెంబరు 27న పూర్తయింది. దీనికి సరిగ్గా రెండురోజుల ముందు లెనిన్‌గ్రాడ్‌లో రొట్టె 125 నుంచి 200 గ్రాములకి పెరిగింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. కూయ్‌బిషెవ్‌లో 1942 మార్చి 5న మొదటిసారి వాయించారు. ఆ స్వరపత్రాన్ని చిన్న ఫిల్ములోకి తీసి టెహరాన్, కైరోల మీదుగా పడమటికి పంపారు. జూన్‌లో లండన్ విన్నది, జులైలో కండక్టర్ టోస్కనీనీ న్యూయార్క్ నుంచి రేడియోలో వినిపించాడు. టైమ్ పత్రిక షాస్టకోవిచ్‌ని అగ్నిమాపక హెల్మెట్‌తో ముఖచిత్రంగా వేసింది. ప్రపంచం మొత్తం విన్నాక, ఎవరి గురించి రాశాడో ఆ ఊరి వంతు చివర్న వచ్చింది.

ఆ స్వరపత్రం విమానంలో ముట్టడి దాటి వచ్చింది. తెరిచి చూస్తే ఎలియాస్‌బర్గ్ గుండె జారిపోయి ఉంటుంది. మామూలు ఆర్కెస్ట్రా సరిపోదు. ఒక్క ఇత్తడి వాయిద్యాలే తీసుకోండి: ఎనిమిది హార్న్‌లు, ఆరు ట్రంపెట్లు, ఆరు ట్రోంబోన్లు, ఒక ట్యూబా. తీగ వాయిద్యాన్ని నీరసంగానైనా గీకవచ్చు. ట్రంపెట్ దగ్గర ఆ ఆట సాగదు. పెదవుల కండరం బిగియాలి, ఛాతీ నిండాలి, పొత్తికడుపు నుంచి ఊపిరి తన్నాలి. ఆకలి మొదట తినేది కండనే. తిండి తిన్న ఊపిరితిత్తుల కోసం రాసిన రచన అది. గంటా పావుకి పైగా సాగుతుంది.

మార్చి చివర్లో మొదటి రిహార్సల్‌కి పదిహేనుమంది వచ్చారు. మూడు గంటలనుకున్నది ఇరవై నిమిషాలు కూడా సాగలేదు. ఊదేవాళ్ళకి ఊపిరి లేదు. ఎలియాస్‌బర్గే సరిగా నిలబడలేకపోయాడు. అక్కడ జరిగింది ఈ ఫార్వర్డ్ కథల్లో ఎప్పుడూ రాదు, వచ్చినా ఒక ముక్కతో సరిపెడతారు: వాళ్ళకి అదనపు తిండి మంజూరు చేశారు. కచేరీ జరగాలని పార్టీ పెద్దలు నిర్ణయించాక రేషను పెంచారు. చాలని వాయిద్యకారుల్ని ముందు వరస సైనిక బ్యాండుల నుంచి తెప్పించారు. ఆ మాట మీద సంతకం పెట్టినవాడు ఆ యుద్ధరంగపు సైన్యాధిపతి గోవొరోవ్. అంటే సైన్యపు రేషను తిన్న ఊపిరితిత్తుల్ని ఆర్కెస్ట్రాలోకి అరువు తెచ్చారన్నమాట.

ఇంకో చేదు నిజం. వేసవికి తిండి కొంచెం మెరుగుపడటానికి లడోగా సరస్సు మంచు మీద వేసిన దారి ఒక కారణం. దాన్ని జీవనమార్గం అనేవారు. రెండో కారణం ఎవరూ పాటలు కట్టనిది: తినే నోళ్ళు తగ్గిపోయాయి. లక్షలమంది చనిపోయారు, లక్షలమందిని ఆ దారినే బయటికి పంపేశారు. మిగిలినవాళ్ళకి తలకింత ఎక్కువ వచ్చింది. ఆగస్టు 9న హాలులో కూర్చున్న ప్రతి శ్రోతా ఆ తీసివేతలో మిగిలిన శేషమే.

ఎలియాస్‌బర్గ్ క్రమశిక్షణ గురించి ఒక సంగతి ఆ వాయిద్యకారుల జ్ఞాపకాల్లో ఉంది. రిహార్సల్‌కి ఆలస్యంగా వస్తే అదనపు రొట్టె కోత. ఒకతను భార్యని పూడ్చిపెట్టి ఆలస్యంగా వచ్చాడు. అదీ సాకు కాదన్నాడు ఎలియాస్‌బర్గ్. ఆ రోజు అతను పస్తున్నాడు. మొదటిసారి చదివినప్పుడు ఎలియాస్‌బర్గ్ మీద అసహ్యం వేసింది. ఇప్పుడు అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. అతని చేతిలో బెత్తం రెండే, కండక్టర్ పుల్ల, రొట్టె. పుల్లకి పలికే స్థితి దాటిపోయినవాళ్ళు రొట్టెకి పలికారు. అయితే ఇది చదివాక కూడా 'సంగీతం ఆకలిని జయించింది' అని రాయగలగడం మాత్రం నాకు అర్థం కాదు. ఇక్కడ సంగీతానికి కొరడా ఆకలే.

సరే, అసలు నన్ను ఈ వ్యాసం రాయించిన చోటు వేరే ఉంది. లెనిన్‌గ్రాడ్ పటంలో సెయింట్ ఐజాక్ కూడలి చూడండి. అక్కడ ఆస్టోరియా అని ఒక పెద్ద హోటలు. 1942 చలికాలంలో దాన్ని ఆకలితో క్షీణించినవాళ్ళకి వైద్యశాలగా మార్చారు. మేధావుల్ని, కళాకారుల్ని అందులో పెట్టి కొన్ని రోజులు తిండి పెట్టేవారు. ఎలియాస్‌బర్గ్ కోలుకున్నది అక్కడే. అదే కూడలిలో, నడిచివెళ్ళే దూరంలో, ఇంకో భవనం ఉంది. అది విత్తనాల సంస్థ. నికొలాయ్ వావిలోవ్ దేశదేశాలు తిరిగి ఏరి తెచ్చిన గింజలు, దుంపలు, పప్పులు, లక్షల నమూనాలు అందులో భద్రపరిచారు. ఆ చలికాలంలో అక్కడి శాస్త్రవేత్తలు వంతులవారీగా గదులకి కాపలా కాశారు, ఎలుకల నుంచీ మనుషుల నుంచీ. వరి విభాగం చూసుకునే ద్మీత్రీ ఇవానోవ్ ఆకలితో చనిపోయాడు. అతని చుట్టూ వేల వరి పొట్లాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేరుశనగ నమూనాలు చూసే అలెగ్జాండర్ ష్చూకిన్ తన బల్ల దగ్గరే ప్రాణం వదిలాడు. ఇంకా పలువురు అలాగే పోయారు.

వరి చుట్టూ పెట్టుకుని పస్తులుండి చావడం! బియ్యం తినే జాతిలో పుట్టినవాణ్ణి, ఆ మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. మన భాషలో వ్యవసాయానికీ ప్రయత్నానికీ ఒకే మాట ఉంది, కృషి. ఇవానోవ్‌ది రెండర్థాల్లోనూ కృషే. యుద్ధకాలపు సాంస్కృతిక జీవితం అని మనం రాసే జాబితాల్లో అతని పేరు ఉండదు. ఎందుకంటే అతను చేసినదానికి చప్పట్లు కొట్టే హాలు లేదు. చేసిన పని కూడా 'చేయకపోవడం'. తినకపోవడం. లౌడ్‌స్పీకర్లో దాన్ని ప్రసారం చేయలేరు.

ఒకే కూడలి. హోటల్లో ఒకరి పేరు జాబితాలోకెక్కింది, ఎదురింట్లో వాళ్ళ పేరు ఎక్కలేదు. ఎలియాస్‌బర్గ్‌కి ఉన్న పట్టుదల ఇవానోవ్‌కి లేదని అనగలమా? తేడా పట్టుదలలో లేదు, జాబితాలో ఉంది. పైగా ఆ సంస్థని కట్టిన వావిలోవ్ అప్పటికి తమ ప్రభుత్వపు జైల్లోనే ఉన్నాడు. 1940లో అరెస్టు చేశారు. ప్రపంచానికి కరువు లేకుండా చేద్దామని గింజలు ఏరినవాడు 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో తిండిలేక క్షీణించి చనిపోయాడు. ఆగస్టు కచేరీకి రేషను పెంచగలిగిన రాజ్యం అతనికి పెంచలేకపోయిందా?

ఇక్కడ నా వాదానికి ఎదురొచ్చే సంగతి ఒకటుంది, దాటేసి పోవడం న్యాయం కాదు. 1941 డిసెంబరు 10, 12 తేదీల్లో, అంటే 125 గ్రాముల రోజుల నడుమ, అదే ఊళ్ళోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఒక సభ జరిగింది. ఉజ్బెక్కులు తమ ఆదికవిగా చెప్పుకునే అలీషేర్ నవాయీ పుట్టి 500 ఏళ్ళయిన సందర్భం. డైరెక్టర్ ఓర్బెలీ పట్టుబట్టాడు. మ్యూజియంలోని సగానికి పైగా వస్తువులు అప్పటికే రెండు రైళ్ళలో ఉరల్ పర్వతాల అవతలికి, స్వెర్డ్‌లోవ్‌స్క్‌కి వెళ్ళిపోయాయి. గోడల మీద ఖాళీ ఫ్రేములు వేలాడుతున్నాయి. నేలమాళిగల్లో జనం తలదాచుకుంటున్నారు. నెవా నదిలో లంగరేసిన ఓడ నుంచి ఒక కరెంటు తీగ లాక్కున్నారు. ఆ కరెంటుతోనే చిన్న బట్టీ వేడిచేసి, మిఖాయిల్ మోఖ్ అనే చిత్రకారుడు నవాయీ కావ్యాల బొమ్మలు వేసిన పింగాణీ పాత్రని కాల్చారు. ఆకలితో కాళ్ళు వాచిన పండితులు పత్రాలు చదివారు. నవాయీని రష్యన్‌లోకి అనువదించి ఆ సభలో చదివిన లెబెదెవ్ ఆ తర్వాత కొద్దికాలానికే నేలమాళిగలో చనిపోయాడు.

దీనికి ఎవరూ రేషను పెంచలేదు. దీన్ని ప్రపంచానికి ప్రసారమూ చెయ్యలేదు. ఎవరి ఆజ్ఞ కోసమూ కాక, ఒక తూర్పుదేశపు కవికి బాకీ పడ్డామన్న భావంతో చేశారు. నాకు ఆగస్టు కచేరీ కన్నా ఈ డిసెంబరు సభే పెద్దదిగా కనబడుతుంది. మరి ఇక్కడ కళ ఆకలిని జయించలేదా అంటే, లెబెదెవ్ని అడగాలి. ఈ మనుషులు ఏం చేయగలరో ఆ సభ చెప్తుంది. దానికి ఏ ఖరీదు చెల్లించారో కూడా అదే చెప్తుంది. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే అది పొగడ్త కాదు, ఎగవేత. (ఆ కరెంటు తీగ సంగతి చదివినప్పుడు మా అమ్మమ్మ ఉంటే 'చూసావా, కిర్సనాయిలు దొరికిందన్నమాట' అనేదని నవ్వుకున్నాను.)

ఆ తర్వాతి వసంతంలో మ్యూజియం గదులు ఊడ్చి సాయంచేసిన సైనిక విద్యార్థులకి కృతజ్ఞతగా పావెల్ గుబ్‌చెవ్‌స్కీ అనే గైడు ఖాళీ ఫ్రేముల మధ్య తిప్పుతూ, ఇక్కడ ఫలానా బొమ్మ ఉండేది, దీనిలో వెలుగు ఇటునుంచి పడుతుంది అని లేని బొమ్మలన్నీ వర్ణించి చెప్పాడు. మన హరికథకుడు ఒంటరిగా నిలబడి సభలో అశోకవనం చూపించినట్టు. దానికి మాత్రం నిజంగా ఏ సరుకూ అక్కరలేదు, ఒక్క మనిషి బతికి ఉంటే చాలు.

లండన్ కథ ఇంత చీకటిది కాదు, అందుకే త్వరగా చెప్పేస్తాను. యుద్ధం మొదలవగానే నేషనల్ గ్యాలరీ బొమ్మలన్నీ వేల్స్‌కి తరలించారు. 1941లో వాటిని మానోద్ అనే చోట పలకరాయి గనిలోకి చేర్చారు. గుర్రం మీద మొదటి చార్లెస్ రాజు బొమ్మ ఎంత పెద్దదంటే, దాన్ని పెట్టిన 'ఏనుగు పెట్టె' ఒక రైలు వంతెన కింద పట్టక రోడ్డునే తవ్వి లోతు చేశారు. ఖాళీ అయిన గ్యాలరీలో పియానో వాద్యకారిణి మైరా హెస్ మధ్యాహ్న కచేరీలు పెట్టింది. 1939 అక్టోబరు 10 నుంచి 1946 ఏప్రిల్ 10 వరకు 1,698 కచేరీలు. టిక్కెట్టు ఒక షిల్లింగు. బాంబులు పడేరోజుల్లో కిందనున్న గదుల్లోకి దిగి వాయించారు. వాయించినదాంట్లో బాఖ్, బీతోవెన్, షూమన్, బ్రామ్స్ ఎక్కువ, అంటే పైనుంచి బాంబులేస్తున్నవాళ్ళ భాషవాళ్ళే. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. అక్కడ క్యాంటీనులో సాండ్‌విచ్‌లకి కూడా కచేరీతో సమానంగా పేరొచ్చింది. ఆ సాండ్‌విచ్‌ల గురించి రాసినవాళ్ళని నేను నమ్ముతాను.

1942 నుంచి నెలకో బొమ్మని గని నుంచి తెచ్చి గ్యాలరీలో పెట్టేవారు. ఒక్క బొమ్మ. దానికోసం జనం బారులు తీరేవారు. గనిలో ఉన్నంతకాలం ఉష్ణోగ్రత, తేమ మారకుండా చూసేసరికి బొమ్మలు మునుపటికన్నా బాగా నిలిచాయని తేలింది. యుద్ధం అయ్యాక మ్యూజియాల్లో గాలినీ తేమనీ అదుపులో పెట్టడానికి అక్కడి పాఠాలు పనికొచ్చాయి. రోడ్డు తవ్వినవాళ్ళు, తేమ కొలిచినవాళ్ళు. వీళ్ళ పేర్లు నాకు తెలిస్తే బాగుండును.

అన్నట్టు, ఆ లండన్‌ని కాసిన ఆకాశంలో మన డబ్బులు కూడా ఎగిరాయి. 1940లో ఇంగ్లాండ్ దక్షిణ తీరాన్ని కాపాడిన వైమానిక దళాల్లో 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్'. నిజాం విరాళంతో వచ్చిన పేరు అది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. తెలంగాణ రైతు కట్టిన శిస్తు స్పిట్‌ఫైర్ అయి మైరా హెస్ పియానోకి కాపలా కాసిందని నేను అంటే కొంచెం నాటకీయంగా ఉంటుంది గానీ, లెక్క మాత్రం తప్పు కాదు.

ఆ లెక్క తిరుగు టపాలో రాలేదు. 1943లో బెంగాల్‌లో ముప్పై లక్షలకి చేరువగా మనుషులు చచ్చిపోయారు. అక్కడా జాబితాలున్నాయి. కలకత్తాలో యుద్ధానికి పనికొచ్చే కర్మాగారాల, ఆఫీసుల వాళ్ళు 'ప్రాధాన్యం' గలవాళ్ళు, వాళ్ళకి చౌకగా బియ్యం దొరికింది. పల్లెల్లో బియ్యం పండించినవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు ఏ జాబితాలోనూ లేరు. జపానువాళ్ళకి దక్కకూడదని పడవల్ని ముందే లాగేసుకున్నారు. చిత్రకారుడు చిత్తప్రసాద్ ఊరూరా కాలినడకన తిరిగి ఆకలి బొమ్మలు గీసి పుస్తకం వేస్తే, దాని ప్రతుల్ని ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆకలితో అల్లాడిన లెనిన్‌గ్రాడ్‌కి అంకితమిచ్చిన సింఫనీ ప్రపంచమంతా విమానాల్లో ప్రయాణించింది, బెంగాల్ ఆకలి బొమ్మలు మంటల్లోకి వెళ్ళాయి. రెండూ ఒకే యుద్ధంలో, ఏడాది తేడాలో. ఏ ఆకలికి కళ అవసరమో, ఏ ఆకలికి కళ ప్రమాదమో అధికారానికి బాగా తెలుసు.

మనవైపు ఆ కరువు గొంతు ఏ రూపంలో వచ్చిందో చూడండి. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. షేక్ నాజర్ బెంగాల్ కరువుని బుర్రకథ చేసి చెప్పాడు. బుర్రకథకి ఎంత సరంజామా కావాలి? ఒక తంబురా, రెండు డక్కీలు, వేళ్ళకి అందెలు, ముగ్గురు మనుషులు. సందెవేళ రచ్చబండ దగ్గర మొదలుపెట్టేయొచ్చు. నాటకానికి కిరసనాయిలు లేని రోజుల్లో, సినిమాకి ముడి ఫిల్ము దొరక్క ప్రభుత్వం నిడివిని 11,000 అడుగులకి కుదించిన రోజుల్లో, బుర్రకథ ఊరూరూ తిరిగింది. దాని గొప్పతనం దానికుంది, కాదనను. కానీ ఏ కళ బతుకుతుంది, ఏది మూలపడుతుంది అన్నది ఎంత సరుకు అడుగుతుందన్నదాని మీద కూడా ఉంటుంది. హార్మోనియం పెట్టి మూసేసి పొలం పనికి పోయిన మా అమ్మమ్మ తండ్రిలో కళాభిమానం తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇదంతా చదివి ఒక మిత్రుడు అన్నాడు: "నువ్వు సంగీతాన్ని కేలరీల్లోకి దించేస్తున్నావు. ఆ సంగీతమే మమ్మల్ని బతికించిందని అక్కడివాళ్ళే చెప్పారు కదా?" చెప్పారు. నిజమే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట చెప్పినవాళ్ళు బతికినవాళ్ళు. డిసెంబరులో చనిపోయిన వాయిద్యకారులు సంగీతాన్ని తక్కువ ప్రేమించారా? ప్రేమ చాలకపోవడం వల్ల చచ్చిపోయారా? 'సంగీతం బతికించింది' అని సూత్రం చేస్తే, చచ్చిపోయినవాళ్ళ మీద ఒక నింద దానంతటదే పడుతుంది. నాకు పేచీ అక్కడే. రొట్టె బతికించింది అంటే ఎవరి మీదా నింద పడదు, రొట్టె ఇవ్వాల్సినవాడి మీద తప్ప. అందుకే కాబోలు, ఇవ్వాల్సినవాళ్ళకి మొదటి వాక్యమే ముద్దు.

ఆగస్టు 9న సోవియట్ ఫిరంగులు ముందుగా జర్మన్ స్థావరాల మీద సుమారు 3,000 గుళ్ళు కురిపించాయి, కచేరీసేపు వాళ్ళ ఫిరంగులు లేవకుండా. రేడియోలోనూ వీధి లౌడ్‌స్పీకర్లలోనూ, యుద్ధరేఖ అవతల శత్రువులకి వినబడేలానూ సింఫనీ ప్రసారమైంది. రొట్టె, సైనికుల ఊపిరి, ఫిరంగి గుళ్ళు, విమానంలో వచ్చిన స్వరపత్రం, అన్నీ కలిస్తే గంటా పావు సంగీతం. నేను దాన్ని రెండుమూడుసార్లు పూర్తిగా విన్నాను. మొదటి భాగంలో చిన్న డ్రమ్ము ఒకే దెబ్బని నిమిషాల తరబడి కొడుతూ ఉంటే, పైన ఒక వెర్రిబాగుల వరస మళ్ళీ మళ్ళీ వస్తూ లావెక్కుతూ పోతుంది. అందులో గొప్ప రాగం ఏమీ లేదని విసుక్కునేవాళ్ళున్నారు. నాకూ కొన్నిచోట్ల విసుగేసింది. కానీ ఆ డ్రమ్ము కొట్టినవాడి మణికట్టులో ఎన్ని గ్రాములుంటాయో అని ఆలోచిస్తూ వింటే విసుగు పోయింది.

ఆ ఊరి పార్టీ పెద్ద ఝ్దానోవ్. అతని కాలంలోనే అదనపు రేషను వచ్చింది. 1946లో అదే ఝ్దానోవ్ కవయిత్రి అన్నా అఖ్మతోవాని బహిరంగంగా దూషించాడు, 1948లో షాస్టకోవిచ్ సంగీతం మీద కూడా అతని నేతృత్వంలోనే తీర్మానం వచ్చింది. ముట్టడి జ్ఞాపకార్థం పెట్టిన మ్యూజియాన్ని 1949లో మూసేసి, 1953లో పూర్తిగా రద్దు చేశారు. లెనిన్‌గ్రాడ్ తన బాధ గురించి తనే చెప్పుకోవడం మాస్కోకి నచ్చలేదు. మ్రావిన్‌స్కీ సైబీరియా నుంచి తిరిగొచ్చాక ఎలియాస్‌బర్గ్ పక్కకి జరిగిపోయాడు. చిన్నచిన్న ఊళ్ళు తిరుగుతూ కచేరీలు చేసుకున్నాడు. ముట్టడి రోజుల రెండో వరస మనిషి, ముట్టడి అయ్యాక మళ్ళీ రెండో వరసలోకే పోయాడు.

1964 జనవరి 27న, ముట్టడి తొలగి ఇరవై ఏళ్ళయిన రోజున, ఆనాటి వాయిద్యకారుల్లో దొరికినవాళ్ళని మళ్ళీ అదే హాలుకి పిలిచారు. ఎలియాస్‌బర్గ్ పుల్ల పట్టుకున్నాడు. షాస్టకోవిచ్ ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు 1942లో కూర్చున్న చోట్లలోనే కూర్చున్నారు. స్వరపత్రంలో ఇత్తడి వాయిద్యాలకే ఇరవై ఒక్క కుర్చీలు కావాలి. వచ్చింది మొత్తం ఇరవై ఇద్దరు.